రోగి వేషము అబద్ధమగునా?



మన సంఘములలో నర్సులు లేని సంఘము అరుదు. అట్టి ఒక సహోదరి ఆరాధన ముగిసిన తరువాత నా యొద్దకు వచ్చి తన బాధ చెప్పుకొన్నది. ఆమె పనిచేసే ఆసుపత్రికి ఒక రాత్రి జ్వరము, దగ్గుతో ఒక యువకుడు వచ్చాడు. అంటురోగమేమోనని ఆమె పరుగులు పెట్టింది. అరగంట తరువాత అతడు లేచి కూర్చుండి, తనకు ఏ జబ్బు లేదనీ, సిబ్బందిని పరీక్షించుటకే తనను పంపారనీ చెప్పాడు. "అయ్యగారూ, వేషము వేసి అబద్ధమాడుట న్యాయమేనా? రాని తెగులు కోసము ఇట్లు సిద్ధపడుట దేవునియందు నమ్మిక లేకపోవుట కాదా?" అని ఆమె అడిగింది.

రెండవ ప్రశ్నను ముందు చూద్దాము. దేవాలయ శిఖరము నుండి దుముకుమని సాతాను చెప్పినప్పుడు, తండ్రి కాపాడునని ప్రభువుకు తెలియును. అయినను ఆయన దుమకలేదు, ఏలయనగా అది దేవుని శోధించుట. దేవుని శోధించుట వేరు, మనలను మనము పరీక్షించుకొనుట వేరు. వార్డు సిద్ధము చేయక "దేవుడే చూసుకుంటాడు" అనుట మొదటిది. మన చేతులు, మన అలవాట్లు ఎట్లున్నవో ముందుగా చూచుకొనుట రెండవది. నమ్మిక రెండవ దానిని అడ్డగించదు.

పరీక్షించుకొననందున ఏమగునో 2014 సెప్టెంబరులో అమెరికాలోని డాలస్ నగరము చూచింది. లైబీరియా నుండి వచ్చిన ఒక మనిషి జ్వరముతో ఆసుపత్రికి వెళ్లాడు. ఆఫ్రికా నుండి వచ్చిన సంగతి నర్సుతో చెప్పాడు కూడా. ఆ మాట చేరవలసిన వారికి చేరలేదు. మందులిచ్చి ఇంటికి పంపారు. సెప్టెంబరు 28న అంబులెన్సులో తిరిగి వచ్చిన ఆయన అక్టోబరు 8న ఎబోలాతో మరణించాడు. ఆయనకు సేవ చేసిన ఇద్దరు నర్సులకు ఆ వ్యాధి అంటినది. దేవుని కృపవలన వారు కోలుకున్నారు. అక్కడ భవనమునకు కొరత లేదు, చదువుకు కొరత లేదు. ఒకరి చెవిని పడిన మాట మరొకరి చేతిని కదిలించలేదు, అంతే.

ఆ తరువాత న్యూయార్కు నగరములో 2015 డిసెంబరు నుండి 2016 మే వరకు, 49 ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగములకు ముందుగా తెలుపకుండ రోగి వేషమున మనుషులను పంపారు. కొందరు తట్టు వచ్చినట్లు, కొందరు మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధి ఉన్నట్లు నటించారు. 95 పరీక్షలు జరిగాయి. నూటికి 78 పరీక్షలలో రోగికి మాస్కు తొడిగి వేరు గదిలో ఉంచారు. ప్రయాణ వివరము అడిగిన చోట నూటికి 88 మారులు అట్లు చేయగా, అడుగని చోట 21 మారులే చేశారు. ఇక చేతుల శుభ్రత పాటించినది నూటికి 36 మారులే. చేతులు కడుగవలెనని తెలియని నర్సు ఉండునా? తెలిసిన దానికిని చేసే దానికిని నడుమ ఉన్న దూరమును ఈ పరీక్ష కొలిచినది.

మన దేశములోను 2022 డిసెంబరు 27న, మరల 2023 ఏప్రిల్ 10, 11 తేదీలలో కోవిడ్ కొరకు ఆసుపత్రులలో మాక్ డ్రిల్ జరిగింది. పడకలు, ఆక్సిజన్, వెంటిలేటర్లు, మందులు ఎట్లున్నవో చూచారు. అది అవసరమే. అయితే తేదీ చెప్పి వచ్చే తనిఖీకి దుప్పట్లు ఉతికి పరచవచ్చును. వస్తువులను చెప్పి చూడవచ్చును గాని, అలవాట్లను చెప్పకుండ చూచినప్పుడే నిజము తెలియును.

మరి వేషము సంగతి? నాతాను దావీదునకు గొఱ్ఱెపిల్ల కథ నిజమన్నట్లే చెప్పాడు. చెప్పి ఊరుకొనలేదు. వెంటనే ముసుగు తీసి, ఆ మనిషి నీవేనని రాజుకు చూపాడు. యోవాబు కూడ తెకోవ స్త్రీకి దుఃఖవేషము వేయించి రాజు నొద్దకు పంపాడు గాని, తాను చాటున దాగాడు. రాజు కనిపెట్టి అడుగువరకు అతని పేరు బయటపడలేదు. కాబట్టి వేషము ఒక్కటే పాపమనలేము, పుణ్యమనలేము. ఎవరి మేలు కొరకు, ఎంతసేపు, ముసుగు ఎవరు తీస్తారు అన్నదే ప్రశ్న.

నా మట్టుకు నాలుగు హద్దులు తోస్తున్నవి. పరీక్ష ముగియగానే నిజము చెప్పవలెను. ఆసుపత్రి బాధ్యులలో ఒకరిద్దరికి ముందే తెలిసి ఉండవలెను. నిజమైన రోగి వాకిట నిలిచిన క్షణమే పరీక్ష ఆపవలెను. తప్పు దొరికినప్పుడు నర్సును నిలువదీయక, ఆ తప్పుకు దారి ఇచ్చిన ఏర్పాటును సరిచేయవలెను. ఈ నాలుగింటిలో ఏది తప్పినా మన సహోదరి మనస్సు నొచ్చుకొనుట న్యాయమే.

మనవంటి వారికి ఇంకొక సంగతి గలదు. తరాలుగా ఇక్కడ ఉన్న మనకు ఇక్కడి భాష వచ్చును. పోయిన నెల కూలిపనికి వచ్చిన వానికి, కొడుకు ఇంటికి వచ్చిన ముసలి తల్లికి రాదు. "ఎక్కడ నుండి వచ్చావు, ఎప్పుడు వచ్చావు?" అన్న ప్రశ్న అర్థము కానప్పుడు డాలస్ కథ మన ఊరిలోనే జరుగును. కాబట్టి ఆసుపత్రివారు డ్రిల్ చేయునప్పుడు తెలుగు మాత్రమే వచ్చిన ఒక రోగిని కూడ చేర్చమని మన సంఘము అడుగవచ్చును. ఆ వేషమునకు మనిషిని, దుబాసీ పనికి మరొకరిని మనమే ఇవ్వవచ్చును.

లేవీయకాండము 13వ అధ్యాయములో అనుమానము గలవానిని ఏడు దినములు కడగా ఉంచుమని ఉన్నది. ఏడవ దినమున యాజకుడే మరల చూడవలెను. అనగా వేరుచేయుట విడిచిపెట్టుట కాదు. వేరుచేసినవానిని మరల చూచే మనిషి, మరల చూచే దినము ముందే ఏర్పాటై ఉండవలెను. 2020లో గదులలో ఒంటరిగా ఉన్నవారు మనలో ఎందరో ఉన్నారు. తలుపు తట్టే చేయి ఎంత విలువైనదో వారికి తెలియును. ఆ చేయి శుభ్రముగాను, సిద్ధముగాను ఉండుటకే ఈ అభ్యాసము.

ఆ సహోదరితో నేను ఇదే చెప్పాను. "ఆ రాత్రి నీవు చేతులు కడుగుకొన్నావా అమ్మా?" అని అడిగాను. ఆమె కొంచెముసేపు ఊరకుండి, "లేదు అయ్యగారూ, కంగారులో మరచిపోయాను" అన్నది. ఆ యువకుని మీద కోపము ఆమె ముఖములో మరల కనబడలేదు.

ప్రభువు మన చేతి పనిని స్థిరపరచును గాక. ఆమేన్.