పాత బండిలో కొత్త బలం

పాత కారుకు మరో ఇంజిన్ వెతికేవారు ముందుగా ఆ కారులో అన్నిటికంటే బలహీనంగా ఉన్న భాగం ఏదో తెలుసుకోవాలి. ఇంజిన్ పుట్టించే టార్క్ క్లచ్ ప్లేటు మీదుగా గేర్‌బాక్సుకి, అక్కడినుంచి ప్రొపెల్లర్ షాఫ్టుకి, డిఫరెన్షియల్‌కి, యాక్సిళ్లకి, చివరికి టైర్లకి చేరుతుంది. ఈ దారిలో అది పెరుగుతూ పోతుంది. 14 కేజీఎం టార్క్ ఇచ్చే ఇంజిన్‌కి మొదటి గేరు నిష్పత్తి 3.5, డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అనుకుంటే, రాపిడిలో పోయేది తీసెయ్యకముందు వెనక చక్రాల దగ్గర అది 196 కేజీఎం అవుతుంది. అంటే కొత్త ఇంజిన్ పాతదానికంటే నాలుగు కేజీఎంలు ఎక్కువిస్తే యాక్సిళ్ల మీద అదనంగా పడేది 56. బ్రోచర్‌లో చిన్నగా కనిపించే అంకె ఇనుము మీద పడేసరికి ఇంత అవుతుంది. పాత యాక్సిల్‌ని తయారుచేసినవారు ఆ 56 కోసం దాన్ని చెయ్యలేదు.

ఈ లెక్క వదిలేస్తే ఏమవుతుందో, పట్టించుకుంటే ఏమవుతుందో రెండూ కాంటెస్సా చరిత్రలో ఉన్నాయి. హిందుస్థాన్ మోటార్స్ 1984లో ఉత్తరపరా కర్మాగారంలో ఈ కారు తయారీ మొదలుపెట్టింది. దీని ఒళ్లు ఇంగ్లండులో వాక్స్‌హాల్ 1970లలో అమ్మిన విక్టర్‌ది. అక్కడ ఆ ఒంటికి 1.8, 2.3 లీటర్ల ఇంజిన్లు ఉండేవి. ఇక్కడ దానికి అంబాసిడర్ వాడుతున్న 1,489 సీసీ బీఎంసీ ఇంజిన్ పెట్టారు. సుమారు 50 హార్స్‌పవర్. చూపుకి గంభీరమైన కారు, ఘాట్ రోడ్డెక్కితే ఆయాసపడేది. కొన్నేళ్లకు కంపెనీయే తన తప్పు దిద్దుకుని ఇసుజు 1,817 సీసీ పెట్రోల్ ఇంజిన్ తెచ్చింది. బలం 88 హార్స్‌పవర్‌కి చేరింది. ఇంజిన్ ఒక్కటే తెచ్చి ఊరుకోలేదు, దానితోపాటు ఐదు గేర్ల గేర్‌బాక్సూ వచ్చింది. 1990ల మొదట్లో ఇదే ఇంజిన్‌ని అంబాసిడర్‌లో కూర్చోబెట్టినప్పుడు మాత్రం బలాన్ని దాదాపు 75 దగ్గరే ఆపారు. ఒకే ఇంజిన్‌ని రెండు ఒళ్లలో రెండు బలాలతో నడిపిన ఈ ఉదాహరణ, ఇప్పుడు పాత కార్లను బాగుచేసుకునేవారికి ఏ పుస్తకం కంటే కూడా ఎక్కువ చెబుతుంది.

ఎంపికకి మూడు దారులున్నాయి. పాత ఇంజిన్‌నే విప్పి, బోర్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి మళ్లీ ఎక్కించడం ఒకటి. అదే కంపెనీ తర్వాత చేసిన పెద్ద ఇంజిన్ తెచ్చుకోవడం రెండోది. సంబంధం లేని మరో కంపెనీ ఇంజిన్ తెచ్చి కుదిర్చేది మూడోది. చాలామంది మోజు మూడోదాని మీద ఉంటుంది. కారుకి మేలు చేసేది ఎక్కువసార్లు మొదటిది, కాకపోతే రెండోది.

రెండో దారికి మంచి ఉదాహరణ మారుతి జిప్సీ. 1985లో 970 సీసీ ఇంజిన్‌తో వచ్చిన ఈ బండికి 1996లో 1,298 సీసీ ఇంజిన్ వచ్చింది, తర్వాత అదే కొలతలో పదహారు వాల్వుల ఇంజిన్ వచ్చి బలం 80 హార్స్‌పవర్‌కి పెరిగింది. పాత జిప్సీ ఉన్నవారి కళ్లు ఎస్టీమ్ ఇంజిన్ మీద పడటానికి కారణం ఇదే. అది కూడా ఆ 1,298 సీసీ ఇంజిన్ల కుటుంబానిదే. కాని ఎస్టీమ్‌లో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, ముందు చక్రాలను తిప్పుతుంది. జిప్సీలో నిలువుగా కూర్చుని వెనక్కి బలం పంపుతుంది. కాబట్టి బ్లాకు సరిపోయినా ఆయిల్ చాంబర్, మానిఫోల్డులు, ఫౌండేషన్ బ్రాకెట్లు జిప్సీవి సంపాదించుకోవాల్సిందే. ఒకే కంపెనీలోనే ఇన్ని సర్దుబాట్లుంటే, వేరే కంపెనీ ఇంజిన్‌కి ఎన్ని కావాలో ఊహించుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొనేటప్పుడు వేడెక్కించాక ప్రతి సిలిండర్‌లో కంప్రెషన్ చూడాలి. అంకె ఎంతుందన్నదానికంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఎంత ఉందన్నది ముఖ్యం. బ్లాకు మీద కొట్టిన నంబరు చెరిగి ఉన్నా, గీకినట్టున్నా ఆ ఇంజిన్ ఎంత చవకైనా కొనకూడదు.

కొలతల పని ఇంజిన్ బేలో మొదలవుతుంది. చాలా కార్లలో ఇంజిన్ కింద అడ్డంగా ఒక క్రాస్‌మెంబర్ ఉంటుంది. ఆయిల్ చాంబర్ గుంట దానికి ముందుండాలా వెనకుండాలా అన్నది కారు నిర్ణయిస్తుంది, ఇంజిన్ నిర్ణయించదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టీరింగ్ బాక్సుని తాకకూడదు. ఇంజిన్ ఎంత వాలులో కూర్చుంటే డిఫరెన్షియల్ అంతే వాలులో ఎదురుగా ఉండాలి, లేకపోతే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు ఒక వేగం దగ్గర వణకడం మొదలుపెట్టి నెలల్లో అరిగిపోతాయి.

వీటన్నిటిలో కంటికి కనిపించని పని ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉంటుంది. వేర్వేరు కంపెనీల బోల్టు రంధ్రాలు కలవవు కాబట్టి మధ్యలో లేత్ మీద చేయించిన ఒక పళ్లెం వేస్తారు. దాని ముఖం చదునుగా ఉండటం ఒక్కటే చాలదు. క్రాంక్ షాఫ్టు నడిమిగీత, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు నడిమిగీత ఒకే గీతలో ఉండాలి. అది చూడటానికి డయల్ గేజ్‌ని ఫ్లైవీల్ మీద బిగించి, దాని సూదిని బెల్ హౌసింగ్ మధ్య రంధ్రం లోపలి అంచుకి ఆనించి, ఇంజిన్‌ని చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతారు. సూది ముందుకీ వెనక్కీ కదిలిన మొత్తం ఐదు థౌలు, అంటే 0.13 మిల్లీమీటర్లు, దాటకూడదన్నది చాలామంది పాటించే హద్దు. దాటితే పళ్లెం మళ్లీ విప్పాలి. ఈ ఒక్క చుట్టు తిప్పడానికి ఓపిక లేని షెడ్డులో బిగించిన ఇంజిన్ పైకి ఎంత నున్నగా నడిచినా, దాని పైలట్ బేరింగు, గేర్‌బాక్సు ముందు బేరింగు రోజూ నష్టపోతూనే ఉంటాయి.

బ్రేకుల విషయంలో అశ్రద్ధకి క్షమాపణ లేదు. కదిలే బండిలోని శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారుని ఆపడానికి కావలసినదానికంటే 100లో ఉన్నదాన్ని ఆపడానికి 56 శాతం ఎక్కువ శక్తిని బ్రేకులు వేడిగా మార్చి వదిలించుకోవాలి. డ్రమ్ము బ్రేకులు ఆ వేడికి పట్టు కోల్పోతాయి. అందుకే కొత్త ఇంజిన్‌కి ఖర్చుపెట్టే డబ్బులో మొదటి వాటా డిస్కులకి, వాక్యూమ్ బూస్టరుకి, బ్రేక్ గొట్టాలకి పోవాలి. రేడియేటర్ సంగతీ అంతే. తెలంగాణ ఎండలో, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారులో గాలి ప్రవాహం ఫ్యాను మీదే ఆధారపడుతుంది. కార్బురేటర్ ఇంజిన్ తీసి ఇంజెక్షన్ ఇంజిన్ పెడితే ట్యాంకు నుంచి దాదాపు మూడు బార్ల ఒత్తిడితో పెట్రోల్ పంపే పంపు, ఆ ఒత్తిడికి తట్టుకునే గొట్టాలు, ఈసీయూ, దానికి సరైన వైరింగ్ కావాలి. పాత తక్కువ ఒత్తిడి రబ్బరు గొట్టాన్ని అలాగే ఉంచడం నిప్పుతో ఆడుకోవడమే.

ఇదే పని రైల్వే స్థాయిలోనూ జరిగింది. భారతీయ రైల్వేలో దశాబ్దాలపాటు మోత మోసిన డబ్ల్యూడీఎం-2 లోకోకి ఆల్కో 251 తరహా పదహారు సిలిండర్ల ఇంజిన్ ఉండేది. దాని బలం 2,600 హార్స్‌పవర్. అదే ఇంజిన్ కుటుంబాన్ని 3,100కి పెంచి డబ్ల్యూడీఎం-3ఏ చేశారు. ఆ 500 కోసం పెద్ద టర్బో, పెద్ద ఆఫ్టర్‌కూలర్, 17 మిల్లీమీటర్ల ఇంధన పంపులు వచ్చాయి, డీసీ జనరేటర్ స్థానంలో ఏసీ ఆల్టర్నేటర్ వచ్చింది. లోపల ఒక చోట బలం పెంచితే, ఆ బలాన్ని పుచ్చుకునే ప్రతి భాగాన్నీ మార్చవలసి వచ్చింది. 2018లో వారణాసి కర్మాగారం ఇంకా ముందుకెళ్లింది. రెండు డీజిల్ లోకోలను 69 రోజుల్లో విద్యుత్ లోకోలుగా మార్చి జంటగా 10,000 హార్స్‌పవర్ యంత్రం చేసింది. ఇంజిన్ పోయింది, ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. పట్టా మీద నిలబడింది పాత లోకోనా, కొత్తదా?

ఈ ప్రశ్న రైలు ప్రయాణికుడికి రాదు. లోకో ఒకదాన్ని విప్పి మరొకదాన్ని తగిలించినా రైలు అదే రైలు, నంబరు అదే, పేరు అదే. బౌద్ధ గ్రంథం మిలిందపన్హలో భిక్షువు నాగసేనుడు గ్రీకు రాజుకి రథం ఉదాహరణ చెప్పినప్పుడు ఇరుసు రథమా, చక్రాలు రథమా అని ఒక్కొక్క భాగాన్నీ పేర్కొని, ఇవన్నీ కూడినప్పుడు వాడే పేరే రథమని తేల్చాడు. ఆ చర్చలో గుర్రాల ప్రసక్తి రాకపోవడం గమనించదగింది. బలం బయట ఉన్నంతకాలం దాన్ని మార్చినా వాహనం గుర్తింపు చెదరదు. కారు వచ్చాక ఆ బలం ఒంటి లోపలికి చేరింది. అందుకే ఇంజిన్ మార్పు కారు గుర్తింపు ప్రశ్న అయింది. నాగసేనుడి జవాబు ఇక్కడా పనికొస్తుంది: భాగాలు ఒకదానికొకటి కుదిరిన తీరులోనే కారు ఉంది. ఆ కుదురు చెదిరితే, ఒక్క బోల్టూ మార్చకపోయినా పాత కారు పోయినట్టే. అది నిలిచినచోట, ఇంజిన్ కొత్తదైనా కారు పాతదిగానే బతుకుతుంది.

చట్టం జవాబు వేరు, దాన్ని గౌరవించాలి. ఆర్‌సీలో చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ ఉంటాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే అర్థాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చేసిన సవరణ అతిక్రమణకు ఆరు నెలల వరకు జైలు, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని చెప్పింది. అంటే మూడో దారి, వేరే కంపెనీ పెద్ద ఇంజిన్, రోడ్డు మీద నడిపే కారుకి దాదాపు మూసి ఉన్నట్టే. అదే రకం ఇంజిన్ పెట్టినప్పుడు కూడా కొత్త నంబరు రవాణా శాఖ రికార్డులోకి ఎక్కాలి. బీమా కంపెనీకి తెలియజేయాలి. 2021లో వచ్చిన నిబంధనలు యాభై ఏళ్లు దాటిన వింటేజ్ వాహనానికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తాయి, కాని అది అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఇప్పుడు బలం కోసం కోసేసిన ఫ్రేమ్, ఇరవై ఏళ్ల తర్వాత ఆ గౌరవానికి అడ్డం పడవచ్చు. పాత కాంటెస్సా ఒంటిని కోయకుండా, వెల్డింగ్ లేకుండా, పాత రంధ్రాలకే బ్రాకెట్లు బిగించేలా చేసే పని ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ సమయం ఇవ్వదగినదే.

ఇంజిన్ చైన్ పుల్లీ మీద దిగి, ఫౌండేషన్ రబ్బర్ల మీద కూర్చున్నాక వెంటనే స్టార్ట్ చేయకూడదు. స్పార్క్ ప్లగ్గులు తీసేసి సెల్ఫ్‌తో తిప్పుతూ ఆయిల్ ఒత్తిడి సూది లేచేవరకు చూడాలి. తర్వాత ప్లగ్గులు బిగించి వెలిగించాలి. కూలెంట్‌లో చిక్కుకున్న గాలి పోయేదాకా రేడియేటర్ నింపుతూ, థర్మోస్టాట్ తెరుచుకుని పై గొట్టం వేడెక్కిందో లేదో చేత్తో చూడాలి. బోర్ చేయించిన ఇంజిన్ అయితే మొదటి 500 కిలోమీటర్లు పెద్ద గేరులో ఈడ్చకుండా, ఒకే వేగంలో నడపకుండా, ఎత్తుపల్లాల రోడ్డు మీద తిప్పి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఆ సమయంలోనే ఫౌండేషన్ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టులు, ఎగ్జాస్ట్ నట్లు మళ్లీ బిగించాలి. పళ్లెం కొలతలు, వాడిన బేరింగుల నంబర్లు, ఏ బోల్టు ఎంత వదులైందో అన్నీ ఒక కాగితం మీద రాసి ఆర్‌సీతోపాటు భద్రం చేస్తే, తర్వాత ఆ కారు విప్పే మెకానిక్‌కి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.