విధేయతకు హద్దు ఎక్కడ?

ఒకసారి దైవప్రవక్త (స) ఒక సైనిక దళాన్ని పంపుతూ అన్సారీలలో ఒకరిని నాయకునిగా నియమించి, ఆయన మాట వినమని సహాబాలను ఆదేశించారు. తర్వాత ఏదో విషయంలో ఆ నాయకునికి వారి మీద కోపం వచ్చింది. కట్టెలు పోగు చేయించి, మంట రాజేయించి, అందులో దూకమన్నారు. కొందరు దూకడానికి సిద్ధపడ్డారు కూడా! మరికొందరు మాత్రం, అగ్ని నుండి తప్పించుకోవడానికే కదా మనం ప్రవక్త (స) దగ్గరకు వచ్చింది అంటూ ఆగిపోయారు. ఇంతలో మంట ఆరిపోయింది, నాయకుని కోపమూ చల్లారింది. సంగతి తెలిసిన దైవప్రవక్త (స), అందులో దూకి ఉంటే వారిక బయటపడేవారే కాదని, విధేయత మంచి విషయాలలోనే ఉంటుందని స్పష్టం చేశారు. హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది.

ఆ నాయకుణ్ణి నియమించింది స్వయంగా దైవప్రవక్తే (స). ఆయన ఆజ్ఞకే హద్దు ఉందంటే తక్కిన పాలకుల సంగతి వేరే చెప్పాలా? అయితే ఆగిపోయినవారు నాయకుని మీద కత్తి దూయలేదు. పాపం చేయమన్న ఆ ఒక్క ఆజ్ఞ దగ్గర ఆగారు, అంతే.

ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) నడిచిందీ ఈ బాటలోనే. హిజ్రీ 218లో (క్రీ.శ. 833) ఖలీఫా మామూన్, ఖురాన్ సృష్టించబడినదని పండితులు ఒప్పుకోవాలని శాసించాడు. బాగ్దాదులో చాలామంది ఒప్పుకున్నారు. అది దైవవాక్కు, సృష్టి కాదని ఇమామ్ గారు నిలబడ్డారు. ఆయననూ ముహమ్మద్ బిన్ నూహ్ గారినీ సంకెళ్ళు వేసి ఖలీఫా వద్దకు పంపారు. వారు చేరకముందే మామూన్ మరణించాడు. తిరుగుదారిలో ఇబ్నె నూహ్ కన్నుమూశారు. తర్వాతి ఖలీఫా ముఅతసిమ్ ఇమామ్ గారిని కొరడాలతో కొట్టించాడు. సుమారు 28 నెలలు చెరలో గడిచినా ఆయన మాట మారలేదు. వాసిఖ్ కాలంలో బాగ్దాదు ఫుఖహాలు వచ్చి తిరుగుబాటు మాట ఎత్తితే మాత్రం ససేమిరా అన్నారు, ముస్లిముల రక్తం చిందించవద్దని వారించారు. కొరడా దెబ్బలు తిన్న మనిషి అన్న మాట ఇది!

అందరూ ఇమామ్ అహ్మద్ కాలేరు. అల్లాహ్‌కు ఇది తెలుసు. మక్కాలో చిత్రహింసలు భరించలేక హజ్రత్ అమ్మార్ (రజి) నోటితో అవిశ్వాసపు మాట అన్నారు. మనసులో విశ్వాసం నిలిచి ఉన్నవారికి అలాంటి బలవంతంలో మినహాయింపు ఉందని నహ్ల్ సూరా 106వ వాక్యం తెలుపుతోంది. కాని ఆ మినహాయింపు ప్రాణభయానికి, జరిమానా భయానికి కాదు.

మన ఇళ్ళలో వినిపించే వాదన వేరు. పదిహేనేళ్ళ కుర్రాడి చేతికి బండి ఇచ్చే తండ్రి, స్కాలర్‌షిప్ కోసం ఆదాయం తగ్గించి సర్టిఫికెట్ తెచ్చే విద్యార్థి, అడిగితే ఈ చట్టాలే అన్యాయమంటారు. ఏ చట్టం వారిని పాపం చేయమంది? చట్టం నిజంగా నష్టం చేస్తుంటే అర్జీ ఉంది, కోర్టు ఉంది, పాలకుని ముఖం మీదే సత్యం చెప్పే మార్గం ఉంది. అబద్ధపు కాగితానికి మాత్రం ధర్మంలో చోటు లేదు.

మరి కార్యాలయంలో పనిచేసే సహోదరుణ్ణి పైఅధికారి, చనిపోయినవారి పేర రేషన్ రాయమంటే? అది మంటలో దూకమన్నట్టే. రాయనని ఎదుటే చెప్పాలి, బదిలీ చేస్తే వెళ్ళాలి. ఇంట్లోవారికి సంగతి ముందే చెప్పి ఉంచాలి. జీతం ఆగితే ఆ కష్టం మోసేది వాళ్ళు కూడా కదా!