స్పర్శ – ఆశ్రయము

పంచభూతములలో వాయువునకు విశేషగుణము స్పర్శ యనియు, దానిని గ్రహించునది త్వగింద్రియ మనియు శాస్త్రములు చెప్పుచున్నవి. నేటి యంత్రవిజ్ఞానము ఆ వాయువుతోనే లేని వస్తువునకు స్పర్శను కల్పింపజూచుచున్నది. కన్నులకు తెర గల పరికరమును తగిలించుకొని, కంప్యూటరు కల్పించిన లోకమును చూచువాడు చేతికొక తొడుగు వేసికొనును. కంటికి కనబడు ఫలమును వ్రేళ్ళు సమీపించినంతనే తొడుగులోని చిన్న తిత్తులు గాలితో ఉబ్బి చర్మమును నొక్కును. ఫలము చేత చిక్కినట్లే తోచును. 2021లో మెటా సంస్థ ప్రదర్శించిన నమూనా తొడుగు ఇట్టిదే.

ఇది వినోదమాత్రమే యైనచో విచారముతో పనిలేదు. కాని 2020లో దక్షిణ కొరియా టెలివిజనులో, వ్యాధిచే మరణించిన ఒక బాలిక రూపమును ఇట్లే కల్పించి, చేతులకు తొడుగులు ధరించిన ఆమె తల్లికి చూపిరి. బిడ్డను నిమురుటకు తల్లి చేయి చాచినది. అట్టి తల్లి వ్రేళ్ళకు యంత్రము స్పర్శను కలిగించినచో అది సత్యమా? అసత్యమా?

భగవద్రామానుజులు శ్రీభాష్యమున స్వప్నపదార్థములను సైతము మిథ్య యని త్రోసివేయలేదు. జీవుని కర్మానుసారముగ ఈశ్వరుడే వానిని సృజించుచున్నాడని నిర్ణయించిరి. అనుభవమును తేలికగా అసత్య మనరాదని దీనివలన తెలియుచున్నది. చర్మమునకు సోకిన ఒత్తిడి సత్యమే. తల్లి కన్నీరును సత్యమే. ఆమెను నిందించుట ధర్మము కాదు. లోపము వేరొకచోట నున్నది. చేతికి మాత్రమే తొడిగిన తొడుగు కల్పితమైన బల్లను తాకిన భావన నీయగలదు గాని, ఆ బల్లపై నానుకొన్నవాడు క్రింద పడును. అది స్పర్శ నిచ్చును, ఆశ్రయము నీయదు. దుఃఖభారముతో వచ్చినవారికి కావలసినది ఆశ్రయమే కదా!

ఆలయమున శిరస్సుపై నుంచెడి శఠారియు లోహమే కదా, భేదమేమి యని శంకింపవచ్చును. తొడుగు ధరించినవాడు భోక్త. తాను కోరిన స్పర్శను తానే కల్పించుకొనును. శఠారికి తల వంచినవాడు శేషభూతుడు. తాను స్వామి సొత్తని యంగీకరించును. స్వామి పాదుకలనే ధరించిన ఆ శఠారి, భగవత్పాదములుగా పూజలందుకొను నమ్మాళ్వారుల పేర వెలసినది. దాని చల్లదనము క్షణములో పోవును. అది గుర్తుచేసిన సంబంధము పోదు.

వైద్యవిద్యార్థి శస్త్రచికిత్సను అభ్యసించుటకు ఇట్టి తొడుగులు తోడ్పడుగాక. దుఃఖితుని చెంత కూర్చుండి చేయి పట్టుకొను బంధువు స్థానమును, శరణన్నవారిని విడువని శ్రీనివాసుని స్థానమును మాత్రము వాని కీయరాదు.