దయకు తూకము

హింస చేయకుండుట ఒకటి, దయ చేయుట మరియొకటి. మొదటిది కష్టమనియు, రెండవది ధనము గలవానికి సులభమనియు చాలమంది తలంతురు. అంగడిలో పంజరము కొని, పక్షులను ఎగురవిడిచి, పుణ్యము దక్కినదని తృప్తిపడు గృహస్థులు కలరు. ఆ తృప్తి ఎంతవరకు న్యాయము? ఈ ప్రశ్న ఒక కుటుంబమునకు శాస్త్ర శ్రవణమున గాక, పక్షులను చూడబోయిన ఒక చిన్న ప్రయాణమున ఎదురయ్యెను.

బెంగుళూరులో బట్టల వ్యాపారము చేయు తెలుగు జైన కుటుంబమది. ఏటేట పర్యూషణ పర్వమున ఇంటి పెద్ద తన తండ్రిగారి పేర పంజరపు పక్షులను కొని విడిపించుచుండెను. పదేండ్ల మనుమరాలు చెట్టుమీది పక్షులను చూడవలెనని పట్టుపట్టగా, ఫిబ్రవరి మాసమున ఒక ఆదివారమునాడు అందరును కొక్కరె బెళ్ళూరునకు బయలుదేరిరి. పొద్దు క్రుంకకముందే భోజనము ముగియవలెను గనుక రొట్టెలు, కాచి వడగట్టిన నీరు వెంట తీసికొనిరి.

ఈ గ్రామము మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో, బెంగుళూరునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున నున్నది. కన్నడమున కొక్కరె యనగా కొంగ. ఇది అడవి కాదు. ఇండ్ల నడుమ చింతచెట్లు, రావిచెట్లు. వాటి కొమ్మలపైననే గూడబాతులును, గులాబిరంగు ఈకలుగల పెద్ద కొంగలును గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచును. క్రింద పశువులు, పిల్లలు, ఎడ్లబండ్లు. 2007లో దీనిని సామాజిక సంరక్షిత ప్రదేశముగా ప్రకటించిరి గాని, తరతరములుగా ఈ పక్షులను కాపాడుచున్నది ఊరివారే.

పెద్దాయన వ్యాపారి గనుక చింతచెట్లను చూడగానే లెక్క వేసెను. చింతపండు రాల్చుకొనవలసిన కాలమును, పక్షులు పిల్లలతో నుండు కాలమును ఒక్కటే. "మరి కాయ ఎట్లు దులుపుకొందురు?" అని ఒక రైతు నడిగెను. గూళ్ళున్న చెట్టును దులుపమని అతడు చెప్పెను. రెట్ట పొలమునకు ఎరువగును. అటవీశాఖవారు చెట్టునకింత యని కొంత ఇత్తురు. అయినను పంటకది సాటిరాదనెను. జమకన్న ఖర్చే ఎక్కువగా నున్న ఖాతాను ఆ ఊరు తరములుగా మూయక నడుపుచున్నది!

మధ్యాహ్నమునకు ఎండ ముదిరెను. ఒక తల్లికొంగ రెక్కలు విప్పి గూటిపై కదలక నిలిచియుండెను. ఫోటో బాగుగా వచ్చునని కుమారుడు చెట్టు క్రిందికి పోయి చప్పట్లు చరచబోగా రైతు వారించెను. ఉష్ణదేశమున గూటికి చలి శత్రువు కాదు, ఎండ శత్రువు. తల్లి రెక్కల నీడయే పిల్లకు గొడుగు; నోట నీరు తెచ్చి పిల్లలపై పోయుటయు కలదు. తల్లి లేచిపోయిన కొద్దిసేపటిలో పిల్ల ఎండకు సోలును. కాకి గ్రుడ్డును తన్నుకొనిపోవును. కుమారుడు సిగ్గుపడి వెనుకకు వచ్చెను. అతనికి చంపు తలంపు లేదు, నిజమే. కాని ఏమరుపాటువలన ప్రాణమునకు కలుగు హానియు హింసయేనని తత్త్వార్థసూత్రము చెప్పుచున్నది గదా!

నాయనమ్మకు వేరొక సందేహము. "ఇవి చేపలు తిను పక్షులాయె. వీటిని చూచి సంతోషించుట మనకు తగునా?" ఢిల్లీలో ఎర్రకోట ఎదుటనున్న జైన పక్షి చికిత్సాలయమున వేటపక్షులను లోపల ఉంచుకొనరు, అయినను చికిత్స చేసియే పంపుదురు. పక్షికి ఆహారమున ఎంపిక లేదు, మనుష్యునకు కలదు. కావున నియమము మనుష్యునిదే, దయ మాత్రము అందరికిని.

తిరుగు ప్రయాణమున మనుమరాలు అడిగెను: "తాతయ్యా, మనము పండుగకు విడిచిపెట్టు పిట్టలను ముందు పట్టినదెవరు?"

పెద్దాయన వెంటనే బదులు చెప్పలేకపోయెను. పర్వమునకు వారము ముందే అమ్మకందారునకు బయానా ఇచ్చుట ఆయన అలవాటు. గిరాకి యున్నచోటికి సరుకు వచ్చుననుట ఆయనకు ఒకరు నేర్పవలసినది కాదు. ఆ బయానాయే వలగా మారి, చెట్టుపైనున్న పిట్టను పంజరమునకు తెచ్చుచున్నది. దారిలో చచ్చినవాటిని లెక్కపెట్టువారెవరు? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవి పక్షిని పట్టుటయు అమ్ముటయు నేరము గూడ.

"అయినను కన్నులయెదుట పంజరములోనున్న జీవిని వదలిపోవుట దయయా?" అని నాయనమ్మ అడిగెను. ఈ ప్రశ్న తేలికైనది కాదు. వదలి పోరాదు, అటవీశాఖవారికి తెలిపి విడిపింపవలెను. కాని డబ్బిచ్చి కొన్నచో ఒకదానిని విడిచి, పదింటిని పట్టుటకు పెట్టుబడి పెట్టినట్లగును.

ఆ యేడు పర్యూషణమున ఆ యింట పంజరము తెరువలేదు. చూచి మెచ్చుకొనుటకు నలుగురు చేరలేదు. తండ్రిగారి పేర తీసి యుంచిన సొమ్ము గాయపడిన పక్షుల చికిత్సకు చేరెను. పెద్దాయనకు సొమ్మును విడుచుట కష్టము కాలేదు. పదిమంది యెదుట పంజరము తలుపు తీయు గౌరవమును విడుచుటయే కష్టమాయెను.

రైతు చింతపండు విడిచెను, కుమారుడు ఫోటో విడిచెను, పెద్దాయన పేరు విడిచెను. దయకు తూకము ఎంత కొంటిమన్నది కాదు, ఏమి విడిచితిమన్నది. అపరిగ్రహము లేని అహింస ఒంటిరెక్క పక్షి వంటిది.