కానరాని పక్షి

పక్షులను చూడబోయి వచ్చినవారిని ఇంటివారడుగు ప్రశ్న యొక్కటే: "ఏమేమి కనబడినవి?" ఏమేమి కనబడలేదని అడుగువారిని మేమింతవరకు ఎరుగము. అయినను ఈ యేటి మాఘ ఫాల్గుణములలో మేము చేసిన రెండు ప్రయాణములలో మొదటిది ఫలించినది, రెండవది ఫలింపలేదు. మమ్ము నేటికిని విడువక వెంటాడుచున్నది ఆ రెండవదియే.

మొదటిదానిని గూర్చి చెప్పవలసినది కొంచెమే. నేలపట్టు చెరువున నీటిలో నిలిచి పెరిగిన చెట్లపై గూడబాతులు పిల్లలను సాకుచుండెను. ఎదిగిన పిల్లలు తల్లి గొంతుసంచిలో తల దూర్చి చేపలకై పెనగులాడుచుండగా కొమ్మ విరుగునేమో యని మాకు భయము కలిగినది. నత్తగుల్లకొంగలును నీటికాకులును లెక్కకు మిక్కిలి. పక్షుల రెట్ట కలిసిన నీరు పైరులకు ఎరువగునని ఊరివారు వానిని తరతరములుగా కాపాడుకొనుచున్నారు. మరునాడు సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు బాటపై నిలిచి పులికాటు నీటిలో రాజహంసలను చూచితిమి. మనవారు ఈ పక్షిని రాజహంస యందురు. సంస్కృతకవుల రాజహంస యిది కాదు, హిమాలయములు దాటి వచ్చు చారలతల బాతు కావచ్చునని కొందరు పండితులందురు. ఆ వివాదమెట్లున్నను, పాలను నీటిని వేరుచేయు హంసను గూర్చి ఇరువదియేండ్లుగా పాఠము చెప్పుచున్న మేము, ముక్కును తలక్రిందుగా బురదనీట ముంచి, నీటిని వెలికి నెట్టి, ముక్కు అంచుల జల్లెడలో చిక్కిన ఆహారమును మాత్రమే మ్రింగు పక్షిని ఆనాడు కన్నులార గాంచి, ఆ పాఠమును ఇకమీద కొంచెము గౌరవముతో చెప్పవలెననుకొంటిమి.

రెండవ ప్రయాణము నంద్యాల జిల్లాలోని రోళ్లపాడునకు. బట్టమేకపిట్ట కొరకు 1988లో అచ్చట అభయారణ్యమేర్పడినది. అరణ్యమను మాటయే కాని అది గడ్డిబయలు. బట్టమేక ఇంచుమించు మీటరు ఎత్తు నిలుచును. మగపక్షి 15 కిలోల వరకు తూగును. గూడు కట్టదు, నేలపై సాధారణముగా ఒక్క గ్రుడ్డు పెట్టును. ఇట్టి పక్షికి విశాలమైన బీడు కావలెను. బీడును మనము వ్యర్థభూమి యందుము. కాలువనీరు వచ్చిన చోట మెట్ట మాగాణియైనది. మిగిలినచోట్ల విద్యుత్తు తీగలు సాగినవి. నేడు దేశమంతట ఈ పక్షులు సుమారు 150 మాత్రమే యున్నవనియు, వానిలో పెక్కు రాజస్థానపు ఎడారిలోనే యున్నవనియు అంచనా.

మాతో మిత్రుడొకరును, పండ్రెండేండ్ల మా మేనల్లుడును ఉండిరి. ఉదయము ఆరు గంటల నుండి బయలు అంచున నిలిచి చూచితిమి. కృష్ణజింకల మందలు కనబడినవి. భరతపక్షులు పాడుచు మింటికెగసినవి. వలస వచ్చిన గద్దలు గడ్డిపై తక్కువ ఎత్తున తేలియాడినవి. పది గంటలకు ఎండ కాగి నేల మిలమిలలాడుచుండగా మిత్రుడు మా భుజము పట్టి, "మాస్టారూ, అదిగో బట్టమేక!" అనెను. దుర్భిణిలో చూచితిమి. నిటారుగా ఏదో మెడవంటిది, దాని క్రింద గోధుమవన్నె. కన్ను తుడుచుకొని మరల చూచునప్పటికి ఏమియు లేదు. మేము పుస్తకము తీసి "బట్టమేక 1" అని వ్రాసితిమి. వ్రాయునప్పుడు మా చేయి వణకినది. అది ఆనందమే యని అప్పుడనుకొంటిమి.

"మామయ్యా, కాళ్లు కనబడినవా?" అని పిల్లవాడడిగెను.

"లేదు."

"ఎగిరినదా?"

"లేదు."

వాడు మరేమియు అడుగలేదు. పుస్తకమువంక చూచి ఊరకుండెను. మా బడిలో తప్పులెక్కకు సరియైన జవాబు వ్రాసిన పిల్లలవంక మేము చూచుచూపు అది.

ఆ రాత్రి బసలో మా సందేహమును మిత్రునికి చెప్పితిమి. ఆయన వాదము త్రోసివేయదగినది కాదు. "ఈ పక్షి ఉన్నదన్న మాటయే ఈ బయలుకు రక్ష. లేదని వ్రాసితిరా, రేపెవరో నాగలి పట్టుకొని వత్తురు. మీ సత్యసంధత కొరకు ఇన్ని జింకలను, ఇన్ని పిట్టలను బలి యిత్తురా? అదియుగాక, అది బట్టమేక కాదని మీరు మాత్రము రుజువు చేయగలరా?" అనెను. పరహితమునకై ఆడిన అసత్యమునకు మన ధర్మశాస్త్రములలో చోటు లేకపోలేదు. ఆ మాట మేము వెంటనే ఖండింపలేకపోయితిమి.

కాని మాకు సరిస్కా జ్ఞాపకము వచ్చినది. రాజస్థానములోని ఆ పులుల అడవిలో 2004లో పదికి పైగా పులులున్నట్లు ప్రభుత్వపు లెక్కలు చెప్పినవి. 2005లో ఒక్కటియు లేదని తేలినది. వేటగాండ్రు పులులను చంపినమాట నిజము. అయితే అవి చచ్చుచున్న సంగతిని మరుగుపరచినవి ఆ కాగితములే. లెక్క వ్రాసినవారందరును దుష్టులని మేము నమ్మము. ఉండవలెనను కోరికతో అరకొర గుర్తును పులిగా వ్రాసినవారు వారిలో కొందరైనను ఉండియుందురు. మా పుస్తకములోని "1" కూడ అట్టిదే కదా! ఉన్నదన్న నమ్మకముతో ఊరకున్నవారు, లేదని ముందే తెలిసిన కొంత పరుగెత్తియుందురేమో.

అట్లని "లేదు" అని వ్రాయుటకును మాకు అధికారము లేదు. మన శాస్త్రకారులు ఈ విషయమున బహు జాగరూకులు. భాట్టమీమాంసకులును అద్వైతులును అనుపలబ్ధిని, అనగా కానరాకుండుటను, ప్రత్యేక ప్రమాణముగా అంగీకరించిరి. నైయాయికులు దానిని ప్రత్యక్షమునకు తోడుగా మాత్రమే ఒప్పిరి. అయినను నేలపై కుండ లేదని చెప్పుటకు, కుండ యున్నచో తప్పక కనబడదగిన స్థితి యుండవలెనని ఉభయులకును సమ్మతమే. చీకటిగదిలో కుండ కానరాలేదన్న మాటకు విలువ లేదు.

దీనికి మన కడప అడవులే సాక్ష్యము. కలివికోడి యను చిన్నపక్షి 1900 తరువాత పండితులకెవరికిని కనబడలేదు, అంతరించినదని తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా ముళ్లపొదలలో అది మరల దొరకినది. అది రాత్రి తిరుగు పక్షి. వెదకినవారు పెక్కురు పగటివేళ వెదకిరి. దానిని చీకటిలో దీపము వేసి పట్టినవాడు ఆ ప్రాంతపు వేటగాడు. ఎనుబదియారేండ్ల "లేదు" అను మాట, చూడదగని వేళ చూచి చెప్పిన మాట యని ఆ యొక్క రాత్రితో తేటపడినది. పల్లెవానిని ఒకసారి అడిగియుండిన ఎంత శ్రమ తప్పెడిదో!

కావున ఆ రాత్రియే పుస్తకము తెరచి "బట్టమేక 1" అను పంక్తిని కొట్టివేసితిమి. చెరిపివేయలేదు, కొట్టివేసితిమి, మేము వ్రాసినట్లును తెలియవలెను. దాని క్రింద, "ఉదయము ఆరు మొదలు పది వరకు ముగ్గురము బయలు తూర్పు అంచున నిలిచి వెదకితిమి. చివర ఎండమావిలో ఏదో ఆకారము, పోల్చుకొనజాలకపోయితిమి. బట్టమేక కానరాలేదు" అని వ్రాసితిమి. మిత్రుడు ఆ రాత్రి మాతో మాటలాడలేదు. తిరుగుప్రయాణమున బస్సులో వేరుసీటున కూర్చుండెను. ఆయన భయమునకు మాయొద్ద ఇప్పటికిని సమాధానము లేదు. ఆ బయలును ఎవరైన దున్నబోయిన, మా పుస్తకములోని పంక్తినే సాక్ష్యముగా చూపవచ్చును.

పిల్లవానికి తన పుస్తకము వేరుగా నున్నది. "మామయ్యా, సున్న కూడ వ్రాయవలెనా?" అని అడిగెను. వ్రాయుమంటిమి. వాడు పెద్ద సున్న చుట్టి, ప్రక్కన "పది గంటల తరువాత చూడలేదు" అని తనంత తానే చేర్చెను. మాకు ఆ మాట తోచలేదు. మా పుస్తకములోను దానిని ఎక్కించుకొంటిమి.