అల్లావుద్దీన్ మనవాడేనా?

గన్నవరంలో జాతీయ రహదారికి కూతవేటు దూరంలో మా చెల్లెలి ఇల్లు. ఎండాకాలం సెలవులు. మధ్యాహ్నం వేళ. ఇంటి మీదుగా విమానం దిగుతున్న చప్పుడు. కింద చాప మీద బోర్లా పడుకుని పదేళ్ల మేనల్లుడు వీడియోగేమ్ ఆడుతున్నాడు. తెర మీద ఒక బక్క కుర్రాడు. బజారులో గోడలెక్కుతున్నాడు, తాళ్లు పట్టుకు వేలాడుతున్నాడు, గెంతుతున్నాడు. చేతిలో వంకర కత్తి. ఎదురుగా తలపాగా చుట్టుకున్న బండ మనిషి. వాడి చేతిలోనూ వంకర కత్తే. కుర్రాడు రెండు వేట్లు వేశాడు. బండ మనిషి పొగలా మాయమయ్యాడు.

"మామూ, యే అప్నాచ్ హై నా?" అన్నాడు పిల్లాడు, తెర మీంచి కళ్లు తిప్పకుండా. వీడు మనవాడే కదా అని.

"హా బేటా, అప్నాచ్" అన్నాం.

"తో యే లోగాఁ కౌన్?"

మరి వీళ్లంతా ఎవరు? అప్పటికప్పుడు మా దగ్గర జవాబు లేకపోయింది. పిల్లాడు జవాబు కోసం ఆగలేదు. ఇంకొకణ్ణి నరికి ముందుకు పోయాడు. ఆ ప్రశ్న మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.

ఆ ఆట కొత్తదేం కాదు. డిస్నీవాళ్ల బొమ్మల సినిమా 'అలాడిన్' 1992 నవంబరులో అమెరికాలో విడుదలైంది. ఆ మరుసటి నెల 6వ తేదీన ఇక్కడ బాబ్రీ మసీదును కూల్చారు. ఆ రెండింటికీ సంబంధం లేదు. కానీ ఒకే కాలంలో ఎదిగిన మా తరం బుర్రలో అవి పక్కపక్కనే ఉండిపోయాయి. ఏడాది తిరక్కుండా, 1993లో, సినిమా ఆధారంగా ఆట వచ్చింది. సెగా యంత్రానికి వర్జిన్ కంపెనీ తయారుచేసింది. డిస్నీ చిత్రకారులే బొమ్మలు గీశారు. మరుసటి ఏడు కంప్యూటర్లకూ వచ్చింది. 2019లో దాన్నే ఇప్పటి యంత్రాల కోసం మళ్లీ విడుదల చేశారు. మా మేనల్లుడు ఆడుతున్నది అదే.

మేము దాన్ని మొదటిసారి చూసింది తొంభైల చివర్లో, బెజవాడలో కంప్యూటర్ నేర్పే ఒక గదిలో. గంటకింత అని కట్టి నేర్చుకునే చదువు. సారు బయటికి వెళ్లగానే తెర మీదికి అల్లావుద్దీన్ వచ్చేవాడు. నిజం చెప్పాలి. మాకు అతనంటే పిచ్చి. ఎందుకంటే ఆ గదిలో అందరూ, రామారావులూ సుబ్బారావులూ కూడా, మా పేరున్నవాడు గెలవాలని గొంతు చించుకునేవారు. బయట క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు మమ్మల్ని అనుమానంగా చూసే కళ్లే లోపల అల్లావుద్దీన్ పడిపోతే అయ్యో అనేవి. ఆ అయ్యో మాకు ఎంత తీపిగా ఉండేదో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

లౌకికవాది మిత్రుడొకరికి ఈ సంగతంతా చెబితే నవ్వేశారు. "ఆట ఆటే కదండీ. ఆటన్నాక అడ్డంకులుండాలి. మారియో తాబేళ్లను తొక్కుతాడు. తాబేళ్ల తరఫున ఎవరైనా వ్యాసం రాశారా?" అన్నారు. ఆ వాదనను తీసిపారేయలేం. ఇంకో మాట కూడా అన్నారాయన: "ఆ బండ మనుషులు సుల్తాను భటులు. కుర్రాడు రొట్టె దొంగిలించే పేదవాడు. పేదవాడు పోలీసుల మీద గెలుస్తుంటే మీకేం బాధ?"

ఇందులోనూ నిజముంది. ఆ రోజుల్లో మేము ఆనందించింది కూడా అందుకే. కానీ ఒకసారి ఆ బజారును నింపాదిగా చూడండి. అక్కడ ఎదురయ్యే మనిషి దాదాపు ప్రతివాడూ దెబ్బ కొట్టేవాడే. కత్తి దూసేవాడొకడు, కత్తులు విసిరేవాడొకడు. పై కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి కుండ పడేస్తుంది. ఆ చేతికి ముఖం కూడా లేదు. మన మీదికి రానివాడు అంగడివాడు. వాడికి మాణిక్యాలిస్తే ప్రాణాలు అమ్ముతాడు. అంతే. బెజవాడ వన్‌టౌన్‌లో గానీ, బందరులో గానీ బజారంటే మాకు తెలుసు. బేరమాడే అమ్మలుంటారు, చాయ్ దగ్గర ముసలివాళ్లుంటారు, అజా వినబడగానే గల్లా మూసి నమాజుకు వెళ్లేవాడుంటాడు. పేదవాడికి బలం పక్కింటివాళ్లు. ఈ పేద కుర్రాడికి కోతి తప్ప పక్కింటివాడు లేడు. ఊరంతా శత్రువులే అయితే అది పేదవాడి తిరుగుబాటు ఎలా అవుతుంది? తన ఊరి నుంచి తాను తప్పించుకోవడం అవుతుంది.

ఇక తాబేళ్ల సంగతి. తాబేలుకు గన్నవరంలో బంధువులు లేరు. తాబేలు ముఖాన్ని బట్టి ఎవరికీ అద్దె ఇల్లు దొరక్కుండా పోదు. ఆ బండ మనిషి తలపాగా, గడ్డం ఉన్నవాళ్లకు అలా జరగడం మాకు తెలుసు.

ఆటకు కత్తి తప్పనిసరి అనుకోవడానికీ లేదు. అదే 1993లో నింటెండో యంత్రానికి కాప్‌కామ్ అనే జపాన్ కంపెనీ ఇదే సినిమా మీద మరో ఆట చేసింది. అందులో అల్లావుద్దీన్ చేతిలో కత్తి లేదు. భటుల తల మీద కాలు పెట్టి ఎగురుతాడు, ఆపిల్ పళ్లు విసురుతాడు. ఆ ఆటనూ పిల్లలు అంతే ఇష్టంగా ఆడారు. కాబట్టి కత్తి పెట్టడం, పెట్టకపోవడం ఎవరో మనుషులు కూచుని తీసుకున్న నిర్ణయాలు. సినిమాలో చూస్తూ ఊరుకుంటాం. ఆటలో బొత్తాం నొక్కేది మన బొటనవేలు. మా మేనల్లుడికి ప్రశ్న పుట్టింది అందుకే అనుకుంటాం. వాడు కథ చూడటం లేదు, పని చేస్తున్నాడు.

అసలు ఈ కుర్రాడిది ఏ ఊరు? తెలుగువాళ్లం అల్లావుద్దీన్ అని రాస్తాం, అందులో అల్లా ఉన్నాడనుకుంటాం. అరబ్బీలో ఆ పేరు అలా-ఉద్-దీన్, ధర్మానికి ఔన్నత్యం అని. 1709లో హన్నా దియాబ్ అనే అలెప్పో క్రైస్తవుడు పారిస్‌లో ఆంత్వాన్ గలాన్‌కు ఈ కథ చెప్పాడు. 1712లో గలాన్ దాన్ని తన 'వెయ్యిన్నొక్క రాత్రులు'లో కలిపి ఫ్రెంచిలో అచ్చువేశాడు. ఆ కథలో అల్లావుద్దీన్ చైనా దేశపు దర్జీ కొడుకు. కథ చెప్పిన దియాబ్ పేరు మాత్రం ఆ పుస్తకంలో లేదు.

తరవాత ఆ కుర్రాడు ఎన్ని దేశాలు తిరిగాడో! 1957లో మన దగ్గర 'అల్లావుద్దీన్ అద్భుత దీపం' వచ్చినప్పుడు గుడివాడ పక్క రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు అల్లావుద్దీన్ అయ్యారు. కృష్ణా జిల్లా రైతుబిడ్డ ఆ వేషం కడితే డెల్టా అంతా మా నాగేశ్వర్రావే అనుకుంది. 2019 సినిమాకు తెలుగులో వరుణ్‌తేజ్ అల్లావుద్దీన్‌కూ, వెంకటేశ్ జీనీకీ గొంతిచ్చారు. కథకు మతం అడ్డురాలేదు. అందుకు సంతోషమే.

డిస్నీవాళ్లు మొదట ఊరి పేరు బాగ్దాద్ అనుకున్నారు. 1991 గల్ఫ్ యుద్ధం వచ్చేసరికి అగ్రబా అని లేని ఊరిని కల్పించారు. కుర్రాడి ముఖానికి టామ్ క్రూజ్ పోలికలు తెచ్చారు. అతను అమెరికా పిల్లాడిలా మాట్లాడతాడు. భటులూ, అంగడివాళ్లూ యాసతో మాట్లాడతారు. తొలి పాటలో చెవులు కోసే దేశమన్న మాట ఉంటే అమెరికాలోని అరబ్బు సంఘం అభ్యంతరం చెప్పింది. 1993లో వీడియో క్యాసెట్‌కు ఆ మాట మార్చారు. ఆ దేశం అనాగరికమన్న మాట మాత్రం అలాగే ఉంచారు. అదీ పోవడానికి 2019 సినిమా దాకా ఆగాల్సి వచ్చింది.

లేని ఊరే కదా, నష్టమేమిటి అనవచ్చు. 2015 డిసెంబరులో అమెరికాలో పబ్లిక్ పాలసీ పోలింగ్ అనే సర్వే సంస్థ ఓటర్లను ఒక ప్రశ్న అడిగింది: అగ్రబా మీద బాంబులు వేయడాన్ని మీరు సమర్థిస్తారా? రిపబ్లికన్ ఓటర్లలో 30 శాతం, డెమోక్రాట్లలో 19 శాతం సమర్థిస్తామన్నారు. లేని ఊరి మీద బాంబులు వేయమన్నవాళ్లకు ఆ ఊరి పేరు మోగిన తీరు ఒక్కటే చాలింది.

అమెరికా దాకా ఎందుకు? మాకు ఇక్కడ దొరికే మెప్పు సంగతి చూడండి. నలభై ఏళ్లు దాటిన ప్రతి తెలుగు ముస్లిం విన్న మాట ఇది: "మిమ్మల్ని చూస్తే ముస్లిం అనుకోరండీ. ఎంత చక్కటి తెలుగు!" అన్నవాళ్లు దుర్మార్గులు కారు. ప్రేమగానే అంటారు. మేమూ నవ్వి థాంక్స్ చెబుతాం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం ఊదిన షేక్ చినమౌలానా (1924-1999) గురించి చెప్పేటప్పుడు కూడా ఒక మాట దొర్లుతుంది: "ముస్లిం అయ్యుండీ..." ఆ "అయ్యుండీ" దగ్గర ఆగండి. ఆ ఒక్క మాటలో బజారులోని బండ మనుషులంతా ఉన్నారు. ఒకణ్ణి పైకెత్తడానికి మిగిలినవాళ్లందరినీ నరికిన కత్తి అది. మన సినిమాల్లో 'నమ్‌కీ తుమ్‌కీ' అంటూ మాట్లాడే భాయ్‌ని చూసి హాలంతా నవ్వినప్పుడు, పక్క కుర్చీలో శుద్ధమైన తెలుగు మాట్లాడే మేము కూడా నవ్వాం. మమ్మల్ని కాదు కదా అనుకున్నాం.

ఇక్కడే అసలు ప్రశ్న. మనవాళ్ల పరువు తీసి మనకిచ్చే ఇజ్జత్‌ను తీసుకోవచ్చా?

వద్దు అని చెప్పడం తేలిక. కానీ వద్దంటే ఏం పోతుందో కూడా చెప్పాలి. ఆ కంప్యూటర్ గదిలోని అయ్యో పోతుంది. ఉద్యోగంలో, అద్దె ఇంట్లో, పెళ్లి భోజనాల్లో "వీళ్లు అలాంటివాళ్లు కాదు" అనే రక్షణ పోతుంది. ఆ రక్షణ మీద పిల్లల్ని పెంచుకున్నవాళ్లం. దాన్ని పారేయమని పక్కవాడికి చెప్పే హక్కు మాకు లేదు. మా మట్టుకు మేము ఒక సంగతి గమనించాం. ఆ రక్షణ అరువుది. ఎక్కడో ఏదో పేలిన మర్నాడు, ఎన్నికలకు ముందు నెల, అది వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు మనకు మిగిలేది ఆ బండ మనిషి ముఖమే.

ఇంకో మాట, మా ఇంటి మాట. అగ్రబా గురించి అలిగే మేము నూర్‌బాషావాళ్లను ఎలా చూశాం? ఇంట్లో తెలుగు మాట్లాడతారని, ఉర్దూ రాదని, దూదేకులవాళ్లని ఎన్ని సామెతలు చెప్పుకుని నవ్వాం! మా దస్తర్‌ఖాన్ దగ్గర వాళ్లను "అసలు ముసల్మానులు కాదు" అన్నాం. బయటివాళ్లు మమ్మల్ని "అసలు ముస్లింలా లేరు" అని మెచ్చుకున్నారు, మేము ఇంట్లో అదే మాటతో ఇంకొకరిని తిట్టాం. కత్తి ఒకటే, చేతులే వేరు. ఈ సంగతి ఒప్పుకోకుండా డిస్నీని నిలదీస్తే అది న్యాయమూ కాదు, ఎవరూ వినరు కూడా.

ఆటను నిషేధించమని మేము అనడం లేదు. పిల్లాడి చేతిలోంచి లాక్కోవడం ఇంకా తప్పు. వాడి సంతోషం అబద్ధం కాదు. గన్నవరం పక్కనే కేసరపల్లికి కంప్యూటర్ కంపెనీలు వచ్చాయి. రేపు ఈ ఊరి పిల్లలే ఒక ఆట చేయవచ్చు. అందులో బజారు ఉంటే ఆ బజారులో పక్కింటివాళ్లు కూడా ఉండాలని మాత్రం వాళ్లకు చెప్పగలం. అంతకంటే ముందు వాడి ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ఆ సాయంత్రం అస్ర్ నమాజు అయ్యాక వాడి పక్కన కూచుని చెప్పాం. "బేటా, అల్లావుద్దీన్ అప్నాచ్. యే లోగాఁ భీ అప్నేచ్."

పిల్లాడు కాసేపు ఆలోచించాడు. తరవాత ఎవరినీ కొట్టకుండా పోవడానికి ప్రయత్నించాడు. మీది నుంచి దూకాడు, వెనక్కి పరుగెత్తాడు, కుండలు తిన్నాడు. ప్రాణాలన్నీ అయిపోయాయి. "కష్టం మామూ" అన్నాడు. కష్టమే.

ఇది తెలుగులో రాయబోతే కలం ఒకచోట ఆగింది. ఉర్దూలో అప్నా అంటే సరిపోతుంది. తెలుగు అలా ఊరుకోదు. మావాడా, మనవాడా తేల్చమంటుంది. అల్లావుద్దీన్‌ను 1957లోనే ఈ డెల్టా మనవాడు అంది. ఆ పేరులేని, ముఖం నచ్చని, యాసతో మాట్లాడే మనుషులను మావాళ్లని మేము ఇవాళ ఒప్పుకుంటున్నాం, నూర్‌బాషావాళ్లను కలుపుకునే ఒప్పుకుంటున్నాం. వాళ్లను మనవాళ్లనడం మా ఒక్కరి చేతిలో లేదు. ఆ మాట ఇది చదువుతున్న మీరు కూడా అనాలి.