అవ్వ పాటు: కాయకమా, చాకిరియా?

పల్లెలో ఒక వృద్ధురాలు లింగైక్యమైనపుడు చూడవచ్చినవారందరు తరచు ఒక్క మాటనే చెప్పుదురు: "ఆ తల్లి ఒక్కనాడును ఊరక కూర్చుండి యెరుగదు." వినువారు తల యూపుదురు. పల్లెలో ఇంతకంటె గొప్ప ప్రశంస లేదు. శరీరశ్రమయే శివపూజ యని నమ్మిన శరణధర్మమున పుట్టినవారికి ఈ మాట మరింత సహజముగ తోచును. ఐనను ఆ మాటలోనే ఒక ప్రశ్న దాగియున్నది. ఆమె కూర్చుండకపోవుటకు కారణమేమి? పనియందలి ప్రీతి చేతనా, లేక కూర్చుండుటకు ఎవ్వరును తీరిక యీయకపోవుట చేతనా? మొదటిదైనచో అది కాయకము. రెండవదైనచో అది చాకిరి. ఈ రెంటికి గల భేదమును విచారింపక ఆమెను పొగడుట, ఆమెకు పడిన ఋణమును మాటలతో తీర్చివేయుటయే యగును.

తెలంగాణములోని జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతముల మెట్టపల్లెలను తలచుకొనుడు. బసవేశ్వరుడు నడయాడిన కల్యాణము అచటికి దూరము కాదు. జొన్న, కంది, శనగ ఆ నేలలో పండును. లింగధారులైన కుటుంబములు తరతరములుగ అచట సేద్యము చేయుచున్నవి. 1950 ప్రాంతమున అట్టి యింటికి కోడలుగ వచ్చి, కాలక్రమమున అవ్వయైన స్త్రీ దినచర్య యెట్టిది? కోడి కూయకమునుపే లేచి ఆమె తిరుగలి ముందు కూర్చుండెడిది. పదిమంది తినవలసిన జొన్నపిండి ఆ రాతినుండియే రావలెను. పిమ్మట పేడ యెత్తి, వాకిట సానుపు చల్లి, బావినీరు తోడి తెచ్చి, పశువులకు మేత వేసి, పాలు పితికి, రొట్టెలు చరచి, చద్దిమూట కట్టుకొని చేనికి పోయెడిది. చేనిలో కలుపు తీసెడిది, కంకులు కోసెడిది. ప్రొద్దు క్రుంకిన పిదప తలపై కట్టెలమోపుతో ఇల్లు చేరెడిది. అప్పటికి పొయ్యి మరల ఆమె కొరకే కాచుకొని యుండెడిది.

ఆమె పాటు ఇంటి గడపతో ఆగలేదు. కోతకాలమున నిండు గింజ పట్టిన కంకులను ఏరి విత్తనమునకు దాచునది ఆమెయే. బూడిదయు వేపాకును కలిపి, పేడతోను మట్టితోను అలికిన బుట్టలలో ఆ విత్తనమును భద్రపరచెడిది. వాన పడిననాడు విత్తనము లేని పొరుగువారు ఆమె వాకిటికే వచ్చెడివారు. పంట యింటికి వచ్చిన పిదప కొంత చేర్చి తిరిగి యిచ్చెడివారు. పత్రము లేదు, సాక్షి లేడు. ఏ యింట కాన్పైనను ఆమె పోవలెను. ఏ యింట పెండ్లియైనను పసుపు దంచుటకు ఆమె చేయి కావలెను. జంగమయ్య వాకిట నిలిచినపుడు చేటలో పిండి లేదని ఆమె చెప్పలేదు. తాను తినునది చివరి రొట్టె. అది మిగిలినచో తినును. మిగులనిచో ఆకలి లేదనును.

ఈ పాటును కాయకమనవచ్చునా? ముందుగ కాయకమనగా నేమో చూడవలెను. చేయు ప్రతి పనియు కాయకము కాదు. అది మనసారా చేసినదై యుండవలెను, సత్యశుద్ధమై యుండవలెను, దాని ఫలము దాసోహముగ సమాజమునకు చేరవలెను. వీనికి తోడు నాలుగవ నియమమొకటి కలదు. దానిని మనము సులభముగ మరతుము. ఎవరి కాయకము వారిదే. గురువునకైనను, జంగమునకైనను అందుండి మినహాయింపు లేదని శరణుల తీర్పు. తన వంతు పనిని ఇతరుల వీపుపై మోపి, ఆ వీపును పూజించుట కాయకధర్మము కాదు.

12వ శతాబ్దమున వచనములు చెప్పిన శరణులలో ముప్పదిమందికి పైగా స్త్రీలు కలరు. వారిలో కొందరి పేర్ల ముందు వారి పనియే నిలిచియున్నది. కదిరె రెమ్మవ్వ నూలు వడికెను. కొట్టణద సోమవ్వ వడ్లు దంచి బ్రతికెను. కొట్టణమనగా దంపుడు పని యని తెలుగువారికిని తెలియును. సత్యక్క వాకిళ్లు ఊడ్చెను. వడుకుట, దంచుట, ఊడ్చుట లోకము లెక్కింపని పనులు. శరణుల నడుమ అవియే బిరుదములైనవి. అంతియే కాదు; ఆ స్త్రీలు పనిచేయుటతో ఆగక పలికిరి, తీర్పు చెప్పిరి. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుట కాయకముగ గలవాడు. ఒకనాడు అతడు అవసరమునకు మించి తెచ్చినపుడు, అది అత్యాశ యగునని చెప్పి, అధికమును తిరిగి అచటనే పోసి రమ్మని పంపినది అతని భార్య లక్కమ్మ. ఇంటి కొలత పాత్రను పట్టిన చేతికి ధర్మము కొలత కూడ తెలియునని ఈ కథ చెప్పుచున్నది.

మన అవ్వకును ఆ కొలత తెలియును. కాని ఆమె పనియే ఆమెకు బిరుదమైనదా? రచ్చబండ మీద ఆమె మాటను ఎవరైన అడిగిరా? విత్తనము ఆమె దాచినను పొలము పట్టా ఆమె పేర నుండుట అరుదు. ఇంటిపని మాత్రమే చేయు స్త్రీని మన జనగణన సైతము పనివారి పట్టికలో చేర్చదు. శరణులు పేరుగ నిలిపిన దానిని మనము లెక్కలోనుండియే తొలగించితిమి.

ఇచట కొందరు ఒక ఆక్షేపణ చెప్పుదురు. "అవ్వ ప్రేమతో చేసినది. ప్రేమకు లెక్క కట్టుట ఆమెను అవమానించుట కాదా?" ఈ మాటలో సత్యము లేకపోలేదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జ మహాదేవి కథ కలదు. శివునికి తల్లి లేదే యని జాలిపడి, తానే ఆయనకు తల్లియై, పసిబిడ్డకు వలె స్నానము చేయించి, అలంకరించి, ఆహారము పెట్టి ఆమె తరించెను. బిడ్డను సాకు పని పరమభక్తి కాగలదని చెప్పిన కథ యిది. ఐనను ఒక విషయము గమనింపవలెను. బెజ్జ మహాదేవిని ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు. ఆమె తల్లితనమును తానే కోరుకొనెను. అవ్వ హృదయములో ఆ కోరిక నిశ్చయముగ కలదు. కావుననే ఆమె పాటు ఆమె పక్షమున కాయకమే. కాని ఆమె ప్రేమ ఆమె సుకృతము మాత్రమే. అది తక్కినవారి సోమరితనమునకు అనుమతి పత్రము కాదు. ఒకే పని చేసినవారికి కాయకమై, చేయించుకొన్నవారికి అపచారము కావచ్చును.

ఈ సూక్ష్మమునే మరియొక కథ వెల్లడించును. బసవపురాణమున పిట్టవ్వగ కనిపించు వృద్ధురాలు తమిళదేశపు శైవకథలలోను ప్రసిద్ధురాలు. మధురలో వైగైనదికి వరద వచ్చినపుడు ఇంటికొక్కరు గట్టుకు మన్ను మోయవలెనని పాండ్యరాజు ఆజ్ఞాపించెనని ఆ తమిళకథ. పిట్టు అమ్ముకొని బ్రతుకు ఆ ముసలమ్మకు నా యనువారు లేరు. అపుడు శివుడే కూలివాని వేషమున వచ్చి, పిట్టు కూలిగ పుచ్చుకొని, ఆమె వంతు తట్టను తన తలకెత్తుకొనెను. అతడు పని సరిగ చేయుట లేదని రాజు బెత్తముతో కొట్టగా ఆ దెబ్బ రాజునకును, లోకమునకంతకును తగిలెనట. వృద్ధురాలి శ్రమను చూచి దేవుడు శ్లోకము చదువలేదు, తట్ట యెత్తెను. ఆమె భారము ఒక్కతెది కాదనుటకు ఆ దెబ్బయే సాక్ష్యము.

ఇది గడచిన కాలపు మాట యనుకొన పనిలేదు. తిరుగలి మూలబడినది, పిండిమర వచ్చినది. 1999లో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో దీపము పథకము మొదలై పల్లెటిండ్లకును గ్యాసుపొయ్యి చేరసాగెను. ఇవి మేలులే. ఐనను సాధనములు మారినంతగ చేతులు మారలేదు. జాతీయ గణాంక కార్యాలయము 2019లో దేశమంతట కాలవినియోగ సర్వే జరిపెను. జీతము లేని ఇంటిపనిలో నూటికి 81 మంది స్త్రీలు పాల్గొనగా, పురుషులలో పాల్గొన్నవారు 26 మంది మాత్రమే. అట్లు పాల్గొన్నవారిలోను స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు ఆ పనికి వెచ్చించుచున్నట్లు తేలినది. అవ్వ పోయినను ఆమె తట్ట నేలపై దిగలేదు. కోడలి తలకు మారినది.

బసవధర్మము స్త్రీకి చేసిన మహోపకారము ఇష్టలింగధారణ. పురుషుని వక్షమున ఏ లింగము కలదో స్త్రీ వక్షమునను అదియే కలదు. పూజకు పురుషుని మధ్యవర్తిత్వము అక్కరలేదు. ఇంత గొప్ప సమత్వమును పొందిన యింట ఒక్క ప్రశ్న వేసికొనవలెను. లింగమును సమముగ ఇచ్చితిమి. లింగపూజకు కావలసిన గడియను సమముగ ఇచ్చితిమా? ఇంటి యజమాని విభూతి ధరించి, అరచేత లింగమునుంచుకొని, కన్నులు మూసి నిశ్చలముగ కూర్చుండును. అవ్వ అదే పూజను పొయ్యిమీద నీళ్లు కాగులోపల ముగించుకొనును. ఆమె నిష్ఠ తక్కువ కాదు. ఆమెకు మిగిలిన కాలము తక్కువ. సమానమైన లింగమునకు అసమానమైన గడియ యిచ్చుట శరణులు చెప్పిన సమత్వము కాదు.

అవ్వను స్మరించు తీరును కూడ ఈ కంటితోనే చూడవలెను. ఆమె సంస్మరణ దినమున పటమునకు పూలదండ వేయుదురు. ఆమె పేర అన్నదాసోహము జరుపుదురు. పెద్దలు ఆమె శ్రమను వేనోళ్ల కొనియాడుదురు. ఆ సమయమున వంటయింట పొగలో నిలిచి ఆ అన్నము వండుచున్నవారెవరు? ఆమె కోడండ్రు, కూతుండ్రు, మనుమరాండ్రు. విందు ముగిసిన పిదప చివరి పంక్తిలో తినువారును వారే. అవ్వ గుణగానము వినుటకు వారికి తీరిక యుండదు. దాసోహము పవిత్రమైనది, కాని ఏ అలసటను తలచుకొని దానిని జరుపుచున్నామో ఆ అలసటనే మరియొక స్త్రీకి పంచుట స్మరణ యనిపించుకొనదు.

మరి స్మరణ యెట్లు? ఉపాయము సులభము, ఆచరణము కొంచెము కష్టము. అవ్వ దినమున మగవారే పొయ్యి వెలిగింపవలెను. స్త్రీలను మొదటి పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డింపవలెను. అది ఒక్కనాటి వేడుకగ నిలిచిపోరాదు; మరునాటినుండి ఇంటిపనిలో ఒక భాగమును మగపిల్లలకు వారి కాయకముగ అప్పగింపవలెను. రొట్టె చరచుట నేర్చిన మనుమడు అవ్వకు చేయు సేవ, ఆమె పటమునకు బంగారు చట్రము వేయించిన కుమారుని సేవకంటె మిన్న. ఊరిలో ఇంకను జీవించియున్న అవ్వల యొద్దకు పోయి విత్తనము దాచు విధమును, మందాకుల గుర్తులను అడిగి వ్రాసికొనవలెను. వ్రాసిన దానికి వారి పేరే పెట్టవలెను. రెమ్మవ్వకు కదురు పేరైనట్లు వీరి విద్య వీరికి పేరు కావలెను.

అవ్వ పాటు కాయకమా, చాకిరియా యను ప్రశ్నకు సమాధానము అవ్వ యొద్ద లేదు. ఆమె తన వంతు సమాధానమును జీవితముతో చెప్పి పోయెను. మిగిలినది ఆమె చేతి రొట్టె తిన్నవారు చెప్పవలసినది. వారు తమ వంతు తట్టను ఎత్తుకొన్ననాడు ఆమె శ్రమ ఇంటిల్లిపాదికిని కాయకమగును. ఎత్తుకొనని యింట ఎన్ని దీపములు పెట్టినను, ఎన్ని దండలు వేసినను, అది చాకిరిగనే నిలిచియుండును.